ఈస్ట్ కణంలో డీఎన్‌ఏ తెగితే ఏమవుతుంది?

క్యాన్సర్ గురించి ఏ వార్త చదివినా ఎక్కడో ఒకచోట "డీఎన్‌ఏ రిపేర్" అనే మాట తగులుతోంది. రొమ్ము క్యాన్సర్ ముప్పు ఉందేమో జన్యువుల్లో చూసే బీఆర్‌సీఏ టెస్టు రిపోర్టులో ఉంటుంది, ముఖానికి రాసుకునే క్రీముల డబ్బాల మీదా కనబడుతుంది. అసలు ఇదేంటో చూద్దామని కాస్త లోతుగా చదవబోతే మనుషుల కంటే ముందు ఈస్ట్ ఎదురవుతుంది. రొట్టె పొంగించే జీవికీ రొమ్ము క్యాన్సర్‌కీ సంబంధమేంటని చాలామంది అక్కడే ఆగిపోతారు.

దాని వెనకే ఇంకో తికమక ఉంది. రిపేర్ అనగానే పాడైనది మళ్లీ మునుపటిలా అయిపోతుందని అనుకుంటాం. కణం అలాంటి హామీ ఏమీ ఇవ్వదు. కొన్ని దారుల్లో అచ్చం పాత డీఎన్‌ఏ తిరిగొస్తుంది, కొన్నిట్లో ఒకట్రెండు అక్షరాలు పోతాయి, ఇంకొన్నిట్లో వేరే చోట ఉన్న సమాచారం వచ్చి ఇక్కడ కూర్చుంటుంది. కణం ఏ దారి పడుతుందన్నది దెబ్బ తగిలిన క్షణానికి దాని దగ్గర ఏముందో దాన్నిబట్టి తేలుతుంది. ఈస్ట్‌లో ఈ లెక్క చాలా స్పష్టంగా కనిపిస్తుంది కాబట్టే శాస్త్రవేత్తలు దాన్ని పట్టుకుని వదల్లేదు.

ముందు ఈ జీవి గురించి నాలుగు మాటలు

ఇక్కడ ఈస్ట్ అంటే శాకరోమైసిస్ సెరెవిసియే. బ్రెడ్డులో, బీరులో, కల్లులో పనిచేసేది ఇదే. ఒకే కణంతో బతుకుతుంది గానీ బాక్టీరియా కాదు, మన కణాల్లాగే దీనికీ కేంద్రకం ఉంది, అందులో 16 క్రోమోజోములు, వాటిమీద సుమారు 1.2 కోట్ల అక్షర జతలు, దాదాపు 6 వేల జన్యువులు ఉన్నాయి. కేంద్రకమున్న జీవుల్లో మొత్తం డీఎన్‌ఏ వరుసను మొదట చదివింది దీనిదే, 1996లో. తిండి బాగా దొరికితే గంటన్నరకోసారి ఒకటి రెండవుతుంది.

అన్నిటికంటే పనికొచ్చే లక్షణం వేరే ఉంది. మన కణాల్లో ప్రతి క్రోమోజోమూ రెండేసి ఉంటుంది, అమ్మది ఒకటి నాన్నది ఒకటి. ఈస్ట్ ఒక్కో క్రోమోజోమ్‌తో కూడా హాయిగా బతికేస్తుంది, దీన్ని హాప్లాయిడ్ అంటారు. ఉన్నది ఒకే కాపీ కాబట్టి ఒక జన్యువును చెడగొడితే ఫలితం వెంటనే బయటపడుతుంది. తొలినాటి పరిశోధకులు చేసింది అదే: ఈస్ట్ మీద రేడియేషన్ కొట్టి, మామూలు కణాలు తట్టుకునే మోతాదుకే చచ్చిపోయేవాటిని ఏరి, వాటిలో పాడైన జన్యువుకు 'రాడ్' అని పేరు పెట్టి ఒక అంకె తగిలించారు. చిన్న అంకెలు అతినీలలోహిత కిరణాలకు తట్టుకోలేనివాటికి, 50 నుంచి పైవి ఎక్స్‌రేల లాంటివాటికి తట్టుకోలేనివాటికి. ఈ విభజన తర్వాత కొంత చెదిరింది గానీ పేర్లు అలాగే ఉండిపోయాయి.

ఒక పోగుకే దెబ్బ తగిలితే

డీఎన్‌ఏలో రెండు పోగులు ఉంటాయి, ఒకదానిలో 'ఏ' ఉంటే ఎదురుగా 'టీ', 'జీ' ఉంటే ఎదురుగా 'సీ'. దెబ్బ ఒక పోగుకే తగిలితే పెద్ద సమస్య కాదు, ఎదురు పోగును చూసి సరిచేయొచ్చు. ఎండలోని అతినీలలోహిత కిరణాల వల్ల పక్కపక్కనున్న రెండు 'టీ'లు ఒకదానికొకటి అతుక్కుపోతాయనుకోండి, ఈస్ట్ ఆ ముక్కను అటూఇటూ కలిపి 25-30 అక్షరాల మేర కోసి తీసేసి, ఎదురు పోగు ఆధారంగా ఖాళీని నింపుకుంటుంది. అంతకంటే సులువైన దారి కూడా దానికుంది: ఫోటోలైయేజ్ అనే ఎంజైమ్ మామూలు వెలుతురులోని శక్తిని తీసుకుని ఆ అతుకును నేరుగా విడదీసేస్తుంది. ఈ ఎంజైమ్ మీద తొలి పరిశోధనల్లో కొన్ని 1960 ప్రాంతంలో క్లాడ్ రూపర్ట్ బ్రెడ్ ఈస్ట్ రసంతో చేసినవే. మనుషులకు ఇది లేదు. కొన్ని క్రీముల్లో బయటి జీవుల నుంచి తెచ్చి కలిపేది ఈ రకం ఎంజైమే.

కొన్నిసార్లు అసలు సరిచేయకుండానే దాటేస్తుంది. డీఎన్‌ఏ కాపీ అవుతుండగా ఆ అతుక్కున్న 'టీ'లు అడ్డొస్తే మామూలు కాపీ యంత్రం ఆగిపోతుంది. అప్పుడు రాడ్30 జన్యువు తయారుచేసే వేరే పాలిమరేజ్ (డీఎన్‌ఏను కాపీ చేసే ఎంజైమ్) వచ్చి ఎదురుగా రెండు 'ఏ'లు పెట్టి ముందుకెళ్తుంది. 'టీ' ఎదురుగా రావాల్సింది 'ఏ'నే కాబట్టి ఈ సందర్భంలో తప్పేమీ జరగదు, దెబ్బ మాత్రం అక్కడే మిగిలిపోతుంది. 1999లో లూయీస్ ప్రకాశ్, సత్య ప్రకాశ్‌ల బృందం ఈస్ట్‌లో దీన్ని చూపించింది. అదే ఏడాది, మనుషుల్లో ఇదే ఎంజైమ్ లోపిస్తే ఎండ తగిలినచోటల్లా చర్మ క్యాన్సర్ వచ్చే ఒక రకం జెరోడెర్మా పిగ్మెంటోసమ్ అనే జబ్బు వస్తుందని తేలింది.

కాపీలో దొర్లే అక్షర దోషాలను సరిచేసే ముఠా ఇంకొకటి ఉంది. దీని కథ ఈస్ట్ నుంచి ఆసుపత్రికి దారి ఎంత దగ్గరో చెబుతుంది. 1993లో ఈస్ట్‌లో ఎంఎస్‌హెచ్2, ఎంఎల్‌హెచ్1, పీఎంఎస్1 అనే మూడు జన్యువుల్లో ఏది చెడినా, 'జీటీజీటీజీటీ' లాంటి పునరుక్తులున్న చోట మార్పులు 100 నుంచి 700 రెట్లు పెరుగుతున్నాయని తేలింది. అచ్చం అలాంటి గందరగోళమే వంశపారంపర్యంగా వచ్చే ఒకరకం పెద్దపేగు క్యాన్సర్ కణితుల్లో అప్పుడే కనబడింది. మనుషుల్లోనూ ఇవే జన్యువులు చెడి ఉంటాయని ఈస్ట్ పరిశోధకులు ఊహించారు, అదే ఏడాది మనిషి ఎంఎస్‌హెచ్2 దొరికింది. ఆ వంశపారంపర్య క్యాన్సర్ ముప్పును ఇప్పుడు లించ్ సిండ్రోమ్ అంటారు, దాని టెస్టులో చూసే జన్యువుల్లో ఇదొకటి.

రెండు పోగులూ తెగితే

అసలు చిక్కు ఇక్కడ మొదలవుతుంది. ఎక్స్‌రే తగిలో, కాపీ అవుతుండగా అడ్డు తగిలో రెండు పోగులూ ఒకేచోట తెగిపోతే చూసి రాసుకోవడానికి అక్కడ ఏమీ మిగలదు. పైగా తెగిన ముక్కతో కణం విభజన చెందితే క్రోమోజోమ్‌లో ఒక భాగం మొత్తంగా పోతుంది.

కణానికి రెండు ప్రధాన దారులున్నాయి. మొదటిది తెగిన కొనలు రెంటినీ పట్టుకుని నేరుగా అతికించడం. 'కు' అనే పేరున్న జంట ప్రొటీన్లు కొనలకు ఉంగరంలా తొడుక్కుంటాయి, లైగేజ్ 4 అనే ఎంజైమ్ అతికిస్తుంది. కొనలు శుభ్రంగా ఉంటే ఏమీ పోదు. చెదిరి ఉంటే ఒకటో రెండో అక్షరాలు పోవచ్చు, చేరవచ్చు. ఒక్క అక్షరమే కదా అనిపిస్తుంది గానీ, జన్యువును కణం మూడేసి అక్షరాలుగా చదువుతుంది. 'ఏటీజీ జీసీటీ జీఏఏ' అనే వరుస నుంచి నాలుగో అక్షరం 'జీ' పోయిందనుకోండి, అది 'ఏటీజీ సీటీజీ ఏఏ...' అవుతుంది. మొదటి మాట తప్ప మిగతావన్నీ మారిపోయాయి: ప్రొటీన్‌లో అలనైన్ అనే ముక్క రావాల్సిన చోట ల్యూసిన్ అనే వేరే ముక్క వచ్చింది, అక్కడి నుంచి ప్రొటీన్ చివరిదాకా అంతా తప్పే.

రెండో దారి, అదే వరుస ఇంకెక్కడైనా ఉంటే వెతికి చూసి రాసుకోవడం. స్కూలుకి వెళ్లని రోజు నోట్సు పక్కవాడి పుస్తకంలో చూసి రాసుకున్నట్టు. పక్కవాడి పుస్తకంలో ఉన్నదే మన పుస్తకంలోకి వస్తుంది, వాడు వేరేలా రాసుకుని ఉంటే మనదీ అలాగే మారుతుంది. ఈస్ట్‌కి ఇదంటేనే మహా ఇష్టం. ల్యాబుల్లో ఈస్ట్ జన్యువును మార్చడం అంత తేలికవడానికి కారణం ఇదే. మనం చేర్చదలచిన డీఎన్‌ఏ ముక్కకు అటొక 40-50, ఇటొక 40-50 అక్షరాలు లక్ష్యంతో సరిపోయేలా పెట్టి లోపలికి పంపితే చాలు, ఈస్ట్ తనంతట తానే అక్కడ ఇముడ్చుకుంటుంది. మనిషి కణాలతో ఇదే పని చేయించాలంటే చాలా తంటాలు పడాలి.

తన డీఎన్‌ఏను తానే కోసుకునే ఈస్ట్

ఈస్ట్‌లో 'ఎ', 'ఆల్ఫా' అని రెండు జాతులున్నాయి, ఆడామగా లాంటివనుకోవచ్చు. ఒక కణం ఏ జాతిదో మ్యాట్ అనే ఒక్క స్థానంలో ఏ వరుస ఉందో అదే నిర్ణయిస్తుంది. విశేషమేంటంటే అదే క్రోమోజోమ్ మీద ఒక చివర ఆల్ఫా వరుస, ఇంకో చివర 'ఎ' వరుస నిద్రపోతున్న కాపీలుగా దాచి ఉంటాయి. వాటి పేర్లు హెచ్‌ఎంఎల్, హెచ్‌ఎంఆర్. అవి చాలా గట్టిగా చుట్టి ఉంటాయి కాబట్టి పనిచేయవు.

అడవి ఈస్ట్‌లో హెచ్‌ఓ అనే ఎంజైమ్ మ్యాట్ దగ్గర సుమారు 24 అక్షరాల వరుసను గుర్తుపట్టి రెండు పోగులనూ కోసేస్తుంది. దాచిన కాపీలలోనూ ఆ వరుస ఉంది గానీ చుట్టి ఉండటంవల్ల కత్తి అక్కడికి చేరదు. కోత పడ్డాక కణం దాచిన కాపీ చూసి మ్యాట్‌ను తిరిగి రాసుకుంటుంది, 'ఎ' కణం సాధారణంగా ఆల్ఫా కాపీని ఎంచుకుంటుంది, ఆల్ఫా కణం 'ఎ' కాపీని. అలా కణం జాతే మారిపోతుంది. రిపేర్ పూర్తయింది, కానీ పాతది తిరిగి రాలేదు.

ల్యాబ్ ఈస్ట్‌లో హెచ్‌ఓ జన్యువు చెడి ఉంటుంది. గాలక్టోజ్ చక్కెర వేస్తేనే హెచ్‌ఓ తయారయ్యేలా మార్పు చేసిన ఈస్ట్‌ను బ్రాండైస్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ హేబర్ బృందం ఏళ్ల తరబడి వాడింది. దీనివల్ల ఏం జరిగిందంటే, లక్షలాది కణాల్లో ఒకేసారి, ఒకే చోట కోత వేసి, కొద్ది నిమిషాలకోసారి డీఎన్‌ఏ తీసి చూస్తూ రిపేర్ దశలను గడియారం పెట్టుకుని కొలవడం కుదిరింది. మొత్తం పని సుమారు గంట పడుతుంది.

ఇప్పుడు ఇదే ఈస్ట్‌లో దాచిన కాపీలు రెండూ తీసేస్తే? గాలక్టోజ్ ఆపకుండా ఇస్తూ పోతే వెయ్యి కణాల్లో రెండో మూడో బతుకుతాయి. బతికినవాటి వరుస చదివితే కోత దగ్గర 'ఏసీఏ' అనే మూడక్షరాలు పోయో, 'సీఏ' అనే రెండక్షరాలు అదనంగా చేరో కనిపిస్తాయి.

ఇది చూసి అతికించే దారి అంతా తప్పుల తడక అనేసినవాళ్లున్నారు, పాఠ్యపుస్తకాల్లోనూ ఆ ధోరణి ఉంది. నా దృష్టిలో అది తొందరపాటు. హెచ్‌ఓ ఆగకుండా కోస్తోంది కదా. కణం కొనలను అచ్చంగా, ఒక్క అక్షరం తప్పకుండా అతికిస్తే గుర్తింపు వరుస మళ్లీ తయారవుతుంది, కత్తి మళ్లీ కోస్తుంది. తప్పుగా అతికించిన కణమే తప్పించుకుంటుంది. అంటే ఈ ప్రయోగం సరైన రిపేర్లను కనబడకుండా దాచి, తప్పులను మాత్రమే మన ముందు పెడుతోంది. హెచ్‌ఓను కొద్దిసేపే ఇచ్చి ఆపేస్తే, ఏ మార్పూ లేకుండా అతుక్కున్న కణాలు బయటపడతాయి. అయితే ఎక్స్‌రేల వల్ల తెగే కొనలు హెచ్‌ఓ కోతంత శుభ్రంగా ఉండవు కాబట్టి, అక్కడ తప్పులు ఎక్కువే ఉంటాయనే వాదనలోనూ బలముంది. కోరిన చోట డీఎన్‌ఏను కోసే క్రిస్పర్ అనే సాధనంతో జన్యువును చెడగొట్టే పద్ధతి ఆధారపడేది కూడా ఇదే చక్రం మీద: తప్పు జరిగేదాకా కోస్తూనే ఉండటం.

ఏ దారి అన్నది ఎవరు నిర్ణయిస్తారు

కణం కూర్చుని ఆలోచించదు గదా. కోత పడగానే ఎంఆర్‌ఎక్స్ అనే మూడు ప్రొటీన్ల గుంపు, సే2 అనే ఇంకో ప్రొటీన్ సాయంతో కొనలను నమలడం మొదలుపెట్టాలి, రెండు పోగుల్లో ఒకదాన్ని మాత్రమే. తర్వాత వేరే ఎంజైములు అందుకుని గంటకు సుమారు 4 వేల అక్షరాల వేగంతో నములుతూ పోతాయి. ఒక్కసారి నమలడం మొదలైందంటే నేరుగా అతికించే దారి మూసుకుపోయినట్టే.

ఆ నమిలే పనికి అనుమతి ఇచ్చేది కణ విభజనను నడిపే సీడీకే అనే ఎంజైమ్. కణం డీఎన్‌ఏను కాపీ చేసుకోకముందు దీని చురుకు తక్కువ, కాపీ మొదలయ్యాక ఎక్కువ. ఇది ఎంత పొందికైన ఏర్పాటో చూడండి: కాపీ జరిగాక ప్రతి క్రోమోజోమ్ పక్కనా అచ్చం దానిలాంటిదే ఇంకొకటి ఉంటుంది, చూసి రాసుకోవడానికి అంతకంటే మంచి పుస్తకం దొరకదు. సరిగ్గా అప్పుడే నమలడానికి తలుపు తెరుచుకుంటుంది.

ఇంకో తాళం కూడా ఉంది. 'ఎ', ఆల్ఫా జతకట్టి రెండేసి క్రోమోజోముల కణంగా మారాక, అతికించే దారికి కావలసిన నెజ్1 అనే ప్రొటీన్ తయారీనే ఈస్ట్ దాదాపు ఆపేస్తుంది. జత క్రోమోజోమ్ ఎప్పుడూ అందుబాటులో ఉంటుంది కాబట్టి దాని అవసరం తగ్గిందన్నది సాధారణంగా ఇచ్చే వివరణ.

1.2 కోట్ల అక్షరాల్లో సరైన చోటు ఎలా దొరుకుతుంది

నమిలాక మిగిలిన ఒంటిపోగుకు ముందు ఆర్‌పీఏ అనే ప్రొటీన్ అంటుకుంటుంది. దాన్ని పక్కకు తప్పించి రాడ్51ను ఎక్కించేది రాడ్52. రాడ్51 పోగు పొడవునా దండలా పేరుకుని, కేంద్రకమంతా వెతికి, సరిపోయే వరుస దొరికితే అక్కడి జంట పోగుల మధ్యకు దూరుతుంది. అక్కడి నుంచి కాపీ మొదలవుతుంది. ఈ మొత్తం కథకు 1983లో జాక్ షోస్టాక్, టెరీ ఆర్-వీవర్, రాడ్నీ రాత్‌స్టీన్, ఫ్రాంక్లిన్ స్టాల్ ఒక నమూనా ఇచ్చారు. కోత దగ్గర రెండు పోగులూ అరిగి ఖాళీ ఏర్పడుతుందని వాళ్లు అనుకున్నారు, అరిగేది ఒక పోగేనని తర్వాత తేలింది. మ్యాట్ మార్పిడికైతే ఇంకా సరళమైన నమూనా సరిపోతుందనీ తేలింది. అయినా చాలా విషయాల్లో ఆ నమూనా చట్రం ఇప్పటికీ నిలబడే ఉంది.

వెతుకులాట ఎలా అన్నదాని మీద మాత్రం ఇంకా గొడవ నడుస్తోంది. 2012లో రెండు బృందాలు తెగిన డీఎన్‌ఏ కేంద్రకంలో మామూలు కంటే చాలా ఎక్కువ తిరుగుతోందని చూపించాయి. ఒక బృందం లెక్కలో మామూలు చోటు కేంద్రకంలో 3 శాతం మేర తిరిగితే తెగిన చోటు 30 శాతం మేర తిరిగింది. ఎక్కువ తిరిగితే త్వరగా దొరుకుతుందన్నది సహజమైన ఊహ. ఎదురువాదం ఏంటంటే, ఆ కదలికను ఆపేసినా కొన్ని ప్రయోగాల్లో రిపేర్ బాగానే జరిగింది, కాబట్టి అది రిపేర్‌కు కారణం కాదు, దెబ్బ సంకేతాల పక్క ఫలితం కావచ్చు. ముందునుంచీ దగ్గర దగ్గరగా ఉండే చోట్ల మధ్య రిపేర్ బాగా జరుగుతుందన్న కొలతలు కూడా ఉన్నాయి. నాకు కనబడినంతవరకు ఈ రెండూ ఒకదాన్నొకటి కొట్టేసేవి కావు: దగ్గర్లో కాపీ ఉంటే తిరగాల్సిన పని లేదు, దూరంగా ఉంటే తిరగడం పనికొస్తుందేమో.

ఆగడం, ఆగి ఆగి వెళ్లిపోవడం

రిపేర్‌కు టైమ్ కావాలి, అంటే విభజన ఆగాలి. 1988లో టెడ్ వైనర్ట్, లీలండ్ హార్ట్‌వెల్ చేసిన ప్రయోగం నాకు అన్నిటికంటే ఇష్టం. ఎక్స్‌రే కొడితే మామూలు ఈస్ట్ విభజన ఆపి కూర్చుంటుంది, రాడ్9 లేని ఈస్ట్ ఆగకుండా విభజన చేసుకుని చచ్చిపోతుంది. రాడ్9 లేకపోవడంవల్ల రిపేర్ చేతకావట్లేదా, లేక ఆగడం చేతకావట్లేదా? తేల్చడానికి వాళ్లు రాడ్9 లేని కణాలను ఒక మందుతో బలవంతంగా కొన్ని గంటలు ఆపారు. చాలా కణాలు బతికాయి. రిపేర్ పనిముట్లు అన్నీ ఉన్నాయి, లేనిది బ్రేకు ఒక్కటే. కణచక్రం మీద చేసిన పనికి హార్ట్‌వెల్‌కు 2001లో నోబెల్ వచ్చింది.

అయితే ఆ బ్రేకు శాశ్వతం కాదు. బాగుచేయలేని కోత ఒక్కటే ఉంటే ఈస్ట్ సుమారు 8 నుంచి 12 గంటలు ఆగి, ఆ తర్వాత కోత అలాగే ఉండగా విభజన మొదలుపెట్టేస్తుంది. కోతలు రెండుంటే చాలావరకు ఆగిపోయే ఉంటుంది. ఎందుకిలా? ఒంటరి కణానికి ఎలాగూ చావే గతి అయినప్పుడు, తర్వాతి విభజనలో ఇంకో దారి దొరకొచ్చన్న ఆశతో ముందుకెళ్లడమే లాభమని కొందరంటారు. అదేం వ్యూహం కాదు, సంకేతం కాలం గడిచేకొద్దీ బలహీనపడటమేనని ఇంకొందరంటారు. శరీరంలో భాగంగా ఉండే మన కణానికైతే మొదటి వాదన అసలు వర్తించదు, అలా వెళ్లిపోయే కణమే క్యాన్సర్‌కు దారితీస్తుంది.

మనిషికి ఎంతవరకు వర్తిస్తుంది

చాలానే వర్తిస్తుంది, అన్నీ కాదు. రాడ్51, ఎంఆర్‌ఎక్స్‌లో రెండు ప్రొటీన్లు దాదాపు అవే పేర్లతో మనలో ఉన్నాయి. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఈస్ట్ మీదే జరిగిన పరిశోధనలో హెచ్‌ఎస్‌పీ90 అనే ప్రొటీన్ సాయం లేకపోతే రాడ్51 ఆధారిత రిపేర్ కుంటుపడుతుందని కనబడింది. ఈ హెచ్‌ఎస్‌పీ90 మన కణాల్లోనూ ఉంది.

కానీ రాడ్51ను ఎక్కించే పని ఈస్ట్‌లో రాడ్52 చేస్తే మనలో ప్రధానంగా బీఆర్‌సీఏ2 చేస్తుంది, ఈస్ట్‌లో బీఆర్‌సీఏ1 గానీ 2 గానీ లేవు. ఒలాపరిబ్ లాంటి క్యాన్సర్ మందులు అడ్డుకునే పార్ప్ అనే ఎంజైమ్ కూడా ఈ ఈస్ట్‌లో లేదు. మన కణాలు కొనలను నేరుగా అతికించే దారిని ఈస్ట్ కంటే చాలా ఎక్కువ వాడతాయి, అందుకు ఈస్ట్‌లో లేని ప్రొటీన్లు కొన్ని మన దగ్గరున్నాయి.

పేర్ల దగ్గర మరీ జాగ్రత్తగా ఉండాల్సిన చోటు ఒకటుంది. ల్యాబుల్లో వాడే ఇంకో ఈస్ట్ ఉంది, షైజోశాకరోమైసిస్ పాంబే, మొగ్గలు తొడగకుండా మధ్యలో చీలి రెండయ్యేది. దానిలోనూ రాడ్9 అనే జన్యువు ఉంది, కానీ అది బ్రెడ్ ఈస్ట్ రాడ్9 కాదు, పూర్తిగా వేరే ప్రొటీన్. మనిషి రాడ్9కు పేరు వచ్చింది ఈ పాంబే జన్యువు నుంచే. వైనర్ట్, హార్ట్‌వెల్ పట్టుకున్న రాడ్9కు మనలో దగ్గరి చుట్టం 53బీపీ1 అనే ప్రొటీన్, పేరులో రాడ్ అన్న మాటే ఉండదు.